పచ్చబొట్టునకు పథ్యము

మన నాయనమ్మల ముంజేతులమీదను, అమ్మమ్మల గడ్డములమీదను పచ్చబొట్లుండుట మనలో పెక్కుమంది చూచియే యుందురు. ఊరూర తిరుగు ఎరుకల స్త్రీలు వాకిటి అరుగుమీద కూర్చుండి, నాలుగైదు సూదులను ఒక కట్టగా కట్టి, మసిలో ముంచి, ఆ బొట్లను పొడిచెడివారు. దక్షిణదేశపు జాతులను గూర్చి ఎడ్గర్ థర్‌స్టన్ దొర ఇరువదవ శతాబ్దారంభమున ప్రకటించిన గ్రంథములలో ఆ మసిని చేయు విధము వర్ణింపబడియున్నది. పసుపును అవిసె ఆకును కలిపి నూరి, పలుచని గుడ్డకు పట్టించి, వత్తిగా చుట్టి, ఆముదపు దీపమున వెలిగించి, పైన క్రొత్తకుండను బోర్లించి, దానికి పట్టిన మసిని గీకి తీసెడివారట. పొడుచునంతసేపు బాలికలు నొప్పిని మరచుటకై పాటలు పాడుచుండెడివారట.

ఆ సూదియే నేడు క్రొత్తపేరుతో నగరములలోని బ్యూటీ పార్లరులలోనికి వచ్చినది. దీనిని పర్మనెంట్ మేకప్ అనుచున్నారు. పలుచని కనుబొమలను ఒత్తుగా కనబడునట్లు తీర్చుట, రెప్పల అంచున చెరగని కాటుక దిద్దుట, పాలిపోయిన పెదవులకు రంగెక్కించుట అను మూడును ఇందు ముఖ్యములు. రెప్పల అంచున రంగు పొడుచు పద్ధతిని గూర్చి 1984లో జియోరా ఆంగ్రెస్ అను అమెరికా నేత్రవైద్యుడు వైద్యపత్రికలో వ్రాసెను. ఆ తరువాత ఇది దేశదేశములకు వ్యాపించినది. సన్నని కత్తివంటి సూదులతో వెండ్రుకవలె గీతలు గీయు పద్ధతిని మైక్రోబ్లేడింగ్ అందురు. యంత్రపుసూదితో చుక్కలు చుక్కలుగా నింపుట మరియొక పద్ధతి. పేర్లెన్ని మారినను పని యొకటియే. చర్మమును గ్రుచ్చి, లోపల రంగును నిలుపుటయే ఆ పని.

ఇదంతయు ధనవంతుల విలాసమని త్రోసివేయువారు కలరు. మేమును ఒకప్పుడట్లే తలంచితిమి. కాని పేనుకొరుకుడుచే కనుబొమలు రాలిపోయినవారును, చేతివణుకుచేత కాటుక దిద్దుకొనలేనివారును, కాలిన గాయముచే పెదవి రంగు పోయినవారును దీని నాశ్రయించుచున్నారు. రొమ్ము శస్త్రచికిత్సలో చనుమొన పోయినవారికి వైద్యశాలలలోనే ఈ పద్ధతిచే ఆ రూపమును తిరిగి దిద్దుట కలదు. అట్టివారికి ఇది విలాసము కాదు, పోయినదానిని కొంత తిరిగి పొందుట.

మా యింట జరిగినది

ఈ వ్యాసమునకు కారణము మా మరదలు. ఆమెకు రాచపుండు, అనగా క్యాన్సరు, కనబడి శస్త్రము జరిగినది. తీవ్రమైన మందులు వాడిరి. జుట్టంతయు రాలిపోయి, దైవకృపచే తిరిగి మొలచినది. కనుబొమలు మాత్రము సరిగా మొలవలేదు. చికిత్స ముగిసి ఏడాదిన్నర గడచినను ఆమె నలుగురిలోనికి వచ్చుటకు జంకుచుండెను. ఒకనాడు మేము గట్టిగా అడుగగా ఆమె ఇట్లన్నది: "ఎవరు కనబడ్డా ఒంట్లో ఎలా ఉందనే అడుగుతున్నారు వదినా. బాగానే ఉన్నానన్నా నమ్మరు. కనుబొమలు లేని మొగం జబ్బుమనిషి మొగంలాగే ఉంటుంది కాబోలు."

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. వైద్యుని అనుమతి గైకొని, మేమే ఆమెను వెంటబెట్టుకొని పోయి కనుబొమలు దిద్దించితిమి. ఆమె కుమార్తె పెండ్లికి అప్పటికి పదిదినములు మాత్రమే యున్నవి. అది మేము చేసిన మొదటి తప్పు. మూడవనాడు ఆ చోట పొక్కుకట్టి దురద ఆరంభించినది. పసుపు సర్వరోగహరమని నమ్మి, వంటింటి డబ్బాలోని పసుపును వేపాకుతో నూరి మా చేతులతో మేమే దట్టముగ పట్టువేసితిమి. ఇది రెండవ తప్పు. ఆ పట్టు ఎండి, కడుగునపుడు పొక్కులతో కూడ ఊడివచ్చినది. ఐదవనాటికి ఎడమ కనుబొమ వాచి, చీముపట్టి, జ్వరము వచ్చినది.

చర్మవైద్యురాలు చూచి మందు వ్రాసి, మమ్ము మందలింపక మెల్లగా చెప్పినది: "అమ్మా, మీ పసుపు కూరలోకి మంచిదే. కాని డబ్బాలో ఉన్న పసుపులో దుమ్మూ ఉంటుంది, క్రిములూ ఉంటాయి. ఇది పుండు. పుండుకి కావలసింది శుభ్రం, ఓపిక. అంతకుమించి ఏమీ అక్కర్లేదు."

పెండ్లినాటికి జ్వరము తగ్గినది గాని ఎడమ కనుబొమలో సగము రంగు పోయినది. కన్యాదానము చేయుచు ఆ తల్లి మాటిమాటికి కొంగు నుదుటిమీదికి లాగికొనుట చూచి మేము లోలోపల కుమిలితిమి. ఆమె మమ్మొక్కమాటయు అనలేదు. అనియుండిన మాకు కొంత ఊరటగా నుండెడిది.

ఆనాటినుండి ఈ విషయమును గూర్చి వైద్యులనడిగి, చదివి, తెలిసికొన్నదంతయు ఇచట వ్రాయుచున్నాము. చెప్పదలచినది ఒక్కటే. సూది చేయుపని రెండుమూడు గంటలు. తరువాతి పని చర్మముదే. దానికి ఆరువారములు పట్టును. ఆ ఆరువారములును చర్మమును తన పని తాను చేసికొననిచ్చుటయే పథ్యము.

చర్మము లోపల జరుగునది

మన చర్మమునకు రెండు ముఖ్యమైన పొరలున్నవి. పైపొర కాగితమంత పలుచనిది. అది అడుగున పుట్టుచు, పైన రాలుచు, సుమారు నెల లేక నెలన్నరలో పూర్తిగా క్రొత్తదగును. రంగు పైపొరలో మాత్రమే యుండినచో దానితోపాటే రాలిపోవును. అందుచేత సూది పైపొరను దాటి, క్రిందిపొర మొదటి భాగమున రంగును నిలుపును. మరింత లోతుగా దిగినచో రంగు అలుముకొని నీలివన్నెగా కనబడును.

రంగురేణువులు చర్మములోనికి వచ్చినతోడనే శరీరము వానిని పరాయివస్తువులుగా నెంచి, వానిని మ్రింగుటకు కొన్ని కణములను పంపును. ఆ కణములు రేణువులను మ్రింగునే గాని జీర్ణించుకొనలేవు. అట్లే కడుపున నిలుపుకొనియుండును. 2018లో ఫ్రాన్సు దేశపు మార్సెయ్ నగర శాస్త్రజ్ఞులు ఎలుకలమీద పరీక్షించి యొక వింత కనుగొనిరి. రంగును మ్రింగిన కణము చనిపోయినపుడు రేణువులు బయటపడును. వెంటనే వేరొక క్రొత్తకణము వచ్చి వానిని మ్రింగును. పచ్చబొట్టు చిరకాలము నిలుచుట ఈ అప్పగింతలవలననే. మన నాయనమ్మల చేతి బొట్టును కాపాడినది మసి గొప్పతనము మాత్రమే కాదు, తరతరములుగా దానిని చేతులు మార్చుకొనుచు వచ్చిన ఈ సూక్ష్మకణములే.

కనుబొమల రంగు చేతి పచ్చబొట్టువలె జీవితాంతము నిలువదు. సాధారణముగ ఒకటి మొదలు మూడేండ్లలో వెలిసిపోవును. సూదిని అంత లోతుగా దింపకుండుట, వాడు రంగుల స్వభావము, ముఖముమీద పడు ఎండ, చర్మపు జిడ్డు ఇందులకు కారణములు. అది వెలిసినను కొంతజాడ పెక్కేండ్లుండవచ్చును. కావున శాశ్వతమను పేరును పూర్తిగా నమ్మరాదు, పూర్తిగా మరువనురాదు.

దినదినము కనబడు మార్పులు

ఈ మార్పులు ముందే తెలియకపోవుటచేతనే స్త్రీలు భయపడి, అనవసరమైన పూతలు పూయుచున్నారు.

మొదటిదినము కనుబొమలు ఎర్రబడి కొంచెము వాచియుండును. స్వచ్ఛమైన నీరువంటి రసము ఊరును. రంగు కోరినదానికంటె చాల ముదురుగా కనబడును. ఇంటివారు నవ్వినను నవ్వవచ్చును. రెండవనాటినుండి నాలుగవనాటివరకు రంగు మరింత నల్లబడి, చర్మము బిగిసినట్లుండును. ఐదవనాటినుండి పదవనాటివరకు సన్నని పొట్టు లేచి, అక్కడక్కడ రాలుచు, దురద కలుగును. ఈ దినములే మిక్కిలి జాగ్రత్త వహింపవలసినవి.

పొట్టు రాలిన చోట రంగు పూర్తిగా పోయినట్లు తోచును. "డబ్బంతా గంగపాలయింది" అని విచారించు సమయమిదే. నిజమునకు రంగు పోలేదు. పైన క్రొత్తగా పుట్టిన లేతచర్మము మసకగా నుండి, లోపలి రంగును మరుగుపరచును. మూడు నాలుగు వారములలో ఆ చర్మము తేటపడగా రంగు మెల్లగా పైకి కనబడును. అసలు రంగు నిర్ణయింపదగినది ఆరు మొదలు ఎనిమిది వారములకు మాత్రమే. అప్పుడు ఖాళీలున్నచో రెండవసారి సరిదిద్దుదురు. అంతకుముందు తొందరపడి మరల పొడిపించుకొన్నచో పచ్చిపుండుమీద పుండు పడును.

కావున పెండ్లి, గృహప్రవేశము మొదలగు శుభకార్యములున్నవారు కనీసము రెండు నెలలు ముందుగనే ఈ పని ముగించుకొనవలెను. మాకు బోధపడిన మొదటి పాఠమిది.

చేయవలసినవి

మొదటిదినము ఊరు రసమును అప్పుడప్పుడు అద్ది తీయవలెను. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ ఇందులకు తగినది. అద్దవలెనే గాని రుద్దరాదు. రసము ఎండి గట్టిపడినచో పొక్కు దళసరియై, అది ఊడునపుడు రంగునుకూడ లాగికొనిపోవును.

మరునాటినుండి దినమునకు రెండుసార్లు, ముందుగ సబ్బుతో చేతులు బాగుగ కడుగుకొని, వాసనలేని మెత్తని సబ్బు నురుగుతో వ్రేలికొనలతో తేలికగా కడిగి, నీరు పోసి, మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దవలెను. ఇంటిల్లిపాది వాడు తువాలు పనికిరాదు. చీరకొంగు అంతకన్న పనికిరాదు. వంటచేయుచు చెమటపట్టగానే కొంగుతో ముఖము తుడుచుకొనుట మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ పదిదినములు ఆ అలవాటును మానుటకై ప్రత్యేకముగ ఒక చేతిగుడ్డను బొడ్డున దోపుకొనుట మేలు.

పూతమందు విషయమున పనివారిలో రెండు మతములున్నవి. కొందరు ఏదియు పూయక పొడిగా ఉంచుమందురు. కొందరు వాసెలిన్ వంటి సాదామందును పలుచగా రాయుమందురు. పొడిచినవారు చెప్పిన పద్ధతినే అనుసరింపుడు. రాయదలచినచో రెండు కనుబొమలకును కలిపి బియ్యపుగింజంత చాలును. దట్టముగ పూసినచో గాలి ఆడక, చర్మము నాని, రంగు చెదరును. ఈ రెండు మతములవారును ఏకగ్రీవముగ అంగీకరించు సంగతులు నాలుగు: శుభ్రముగ నుంచుట, గిల్లకుండుట, నాననీయకుండుట, ఎండ తగులనీయకుండుట.

దలాటుగుడ్డ ప్రతిరాత్రియు ఉతికినదై యుండవలెను. వెల్లకిల పరుండుట మేలు. చంటిబిడ్డలున్న తల్లులు, బిడ్డ చేతులు ముఖమునకు తగులకుండ చూచుకొనవలెను. దురద భరింపరానిచో, గుడ్డలో చుట్టిన చల్లని నీటిసీసాను కనుబొమకు పైన నుదుటిమీద కొంచెముసేపు ఉంచిన ఉపశమించును.

చేయరానివి

పొట్టును గిల్లరాదు. ఇది అన్నింటికంటె ముఖ్యమైన నిషేధము. తానై రాలిన పొట్టు రంగును లోపలనే విడిచిపోవును. మనము లాగిన పొట్టు రంగును వెంటగొనిపోవును, మచ్చను మిగిల్చిపోవును.

పదిదినములవరకు తలంటు, ఈతకొలను, నదీస్నానము కూడదు. కంఠమునుండి క్రిందికి స్నానము చేయవచ్చును. తల కడుగవలసి వచ్చినచో వెనుకకు వంగి, వేరొకరిచే నీరు పోయించుకొనవలెను. పొయ్యివద్ద ఆవిరి, చెమట రంగును పలుచన చేయును. గంజి వార్చు పనిని, పిండివంటల పనిని ఆ వారము ఇంటిలో మరియొకరు చేయవలెను. అత్తగారలును భర్తలును ఈ వాక్యమును దయతో చదువుదురుగాక.

పసుపు, గంధము, సున్నిపిండి, నిమ్మరసము, కలబంద, కొబ్బరినూనె, సాంబ్రాణి బూడిద ఇవియేవియు పుండుమీద వేయరాదు. ఇవి చెడ్డవని కాదు. ఆరోగ్యముగ నున్న చర్మమునకు ఇందు కొన్ని మంచివే కావచ్చును. కాని సూదిపోట్లతో తెరువబడిన చర్మమునకు క్రిములతో కూడిన ఏ పొడియు, మంట పుట్టించు ఏ రసమును తగదు. నుదుట కుంకుమపొడి పెట్టుకొన్నచో అది రాలి కనుబొమలమీద పడును. పదిదినములు చిన్న అంటుబిళ్లతో సరిపుచ్చుకొన్నచో సౌభాగ్యమునకు లోపమేమియు రాదు.

దారముతో కనుబొమలు తీయించుట, ముఖమునకు రంగులు, లేపనములు, తలకు రంగువేయుట కొన్ని వారములు మానవలెను. అన్నిటికంటె ప్రమాదమైనది, మందులదుకాణమున చీటి లేకుండ కొనితెచ్చు "దురదమందు". అట్టివానిలో పెక్కింటియందు స్టిరాయిడు కలిసియుండును. అది ఎరుపును అణచి, రోగము నయమైనట్లు భ్రమ కలిగించి, లోపల క్రిములను పెరుగనిచ్చును. చర్మమును పలుచన చేయును. వైద్యుడు వ్రాయనిదే వాడరాదు.

పుండు మానిన పిదప ఎండ విషయమున జాగ్రత్త వలెను. ఎండ రంగును త్వరగా వెలయజేయును. బయటికి పోవునపుడు గొడుగు గాని, ఎండను కాచు పూత గాని వాడుట మంచిది. ఆ పూతను పచ్చిపుండుమీద మాత్రము రాయరాదు.

పెదవులు, రెప్పలు

పెదవులకు రంగెక్కించినపుడు రెండుమూడు దినములు వాపు అధికముగ నుండును. పొట్టు త్వరగా రాలును. ఆ వారము ఆవకాయ, మిరపకాయబజ్జి, పులుసు, పొగలు గ్రక్కు కాఫీ మానవలెను. తాంబూలపు సున్నము పెదవికి తగులరాదు. మజ్జిగ అన్నము, చల్లారిన పప్పు, చెంచాతో తినుటకు వీలైన పదార్థములు హితవు. పాలు, నీరు గొట్టముతో త్రాగిన సుకరము. ఎప్పుడైన పెదవిమీద జ్వరపుపొక్కులు లేచిన అలవాటున్నవారు ముందుగనే వైద్యునితో చెప్పవలెను. ఆ పొక్కులకు కారణమైన హెర్పీస్ క్రిమి నరములలో దాగియుండి, సూదిపోటుతో మేల్కొనును. దానిని నివారించు మాత్రలను ముందునుండి వాడించుట వైద్యులలో వాడుక.

రెప్పల చర్మము శరీరమంతటిలోను మిక్కిలి పలుచనిది. మరునాటి ఉదయము కండ్లు వాచి తెరువలేనట్లుండవచ్చును. శుభ్రమైన చల్లనిగుడ్డ చాలును. కంటిలో నేరుగా పెట్టు అద్దములు వాడువారు వాపు తీరువరకు మామూలు కండ్లద్దములే పెట్టుకొనవలెను. కాటుక, మస్కరా రెండువారములైన మానవలెను. పాత కాటుకడబ్బాను తిరిగి తీయక పారవేయుడు. చూపు మసకబారినను, కంటిలోపల నొప్పి పుట్టినను ఒకపూటయు ఆలస్యము చేయక నేత్రవైద్యుని చూడవలెను.

వైద్యునికడకు పోవలసిన గురుతులు

సహజముగ మాను పుండు దినదినమునకు తగ్గవలెను. మూడవనాటి తరువాత ఎరుపు, వాపు, నొప్పి తగ్గుటకు మారుగ పెరుగుచున్నచో, పసుపుపచ్చని చీము వచ్చినచో, దుర్వాసన కలిగినచో, ఎర్రని చారలు చుట్టు ప్రాకినచో, జ్వరము తగిలినచో అది క్రిముల పని. ఇంటివైద్యము కూడదు.

కొన్ని ఉపద్రవములు నెలలకో, ఏండ్లకో కనబడును. పొడిచిన గీతల వెంబడియే చర్మము దద్దురులు లేచి, గట్టిపడి, దురదపెట్టినచో రంగు సరిపడలేదని అర్థము. అమెరికాలో 2003, 2004 సంవత్సరములలో కొన్ని రంగులవలన ఇట్టి బాధలు కలిగినవని నూటయేబదికి పైగా ఫిర్యాదులు ప్రభుత్వమునకు చేరినవి. చర్మములోనికి ఎక్కించుటకు ఏ రంగునకును ఆమోదము ఇయ్యలేదని ఆ దేశపు ఆహారౌషధశాఖ తెలుపుచున్నది. ఐరోపా సమాఖ్య 2022 జనవరినుండి పచ్చబొట్టు రంగులలోని వేలకొలది రసాయనములకు కట్టుబాట్లు విధించినది. కావున వాడు రంగుసీసా పేరు, సంఖ్య అడిగి వ్రాసియుంచుకొనుట మన క్షేమమునకే.

ఈ రంగులలో పెక్కింట ఇనుపతుప్పు జాతి రేణువులుండును. తరువాత ఎప్పుడైన ఎం. ఆర్. ఐ. పరీక్ష అవసరమైనచో ఆ చోట వేడి, వాపు అరుదుగ కలుగవచ్చును. అంతమాత్రమున పరీక్ష మానరాదు. అచటివారితో ముందుగ చెప్పిన చాలును. రంగు నచ్చక లేజరుచే తీయించదలచినవారు చర్మవైద్యునికడకే పోవలెను. ఇటువంటి రంగులు కొన్ని లేజరు తగులగానే పోవుటకు మారుగ నల్లబడును.

పోవుటకు ముందు

మంచి మానుదల పార్లరు గడప దాటకముందే ఆరంభమగును. మధుమేహమున్నవారు, రక్తమును పలుచన చేయు మందులు వాడువారు, గాయమైనచోట కండ పెరిగి గట్టిపడు చర్మముగలవారు, మొటిమలకై ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడువారు ముందుగ తమ వైద్యునితో మాటలాడవలెను. ఏ మందును తమంతట తాము ఆపరాదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఈ పనిని వాయిదా వేసికొనుట శ్రేయము. క్యాన్సరు చికిత్స పొందినవారు, మందులు ముగిసి రక్తబలము కుదుటపడినదని వైద్యుడు చెప్పువరకు ఆగవలెను.

సూది మన కనులయెదుట ముద్రవేసిన పొట్లమునుండి తీయబడవలెను. రంగు చిన్నగిన్నెలో మనకొరకే పోసి, మిగిలినది పారవేయవలెను. చేతులకు క్రొత్త తొడుగులుండవలెను. ఒకరి సూది మరియొకరికి తగిలినచో హెపటైటిస్ బి, సి, హెచ్. ఐ. వి. వంటి రోగములు సంక్రమించును. హెపటైటిస్ బి రోగమునకు టీకా కలదు, వేయించుకొనుడు. ఈ సంగతులడుగుటకు సిగ్గుపడరాదు. కూరగాయలవానివద్ద వంకాయను త్రిప్పి త్రిప్పి చూచు మనము ముఖము విషయమున మొగమాటపడుట యెందులకు? పొడిపించుకొన్న పిదప కొంతకాలము రక్తదానమునకు అర్హత యుండదను సంగతియు గుర్తుంచుకొనవలెను.

మా మరదలు నాలుగు మాసములు ఆగి, చర్మవైద్యురాలి అనుమతితో, వేరొకచోట రెండవసారి కనుబొమలు దిద్దించుకొన్నది. ఈసారి మేము చేసినదేమనగా, ఆమె వంటపని చేసితిమి, దలాటుగుడ్డలు ఉతికితిమి, పసుపుడబ్బాను ముట్టలేదు. ఏడవనాడు ఆమె అద్దములో చూచుకొని, "రంగంతా పోయింది వదినా" అని కంటనీరు పెట్టుకొన్నది. "పోలేదమ్మా, ఇంకో మూడు వారాలు ఆగు" అని చెప్పితిమి. అది మాట మాత్రమే, మాకును లోపల భయముగనే యుండినది. నాలుగవ వారమున రంగు నెమ్మదిగ తిరిగి కనబడినది.

మొన్న దసరా పేరంటమునకు ఆమెయు మేమును కలిసి పోయితిమి. వాకిటిలో ఎదురైన పొరుగింటి యిల్లాలు ఆమెను చూచి, ఒంటిలో ఎట్లున్నదని అడుగలేదు. "ఏమమ్మా, ఈ చీర ఎక్కడ కొన్నావు?" అని అడిగినది. మా మరదలు మావైపు చూచి నవ్వినది.

సోదరీమణులారా, ఈ పని చేయించుకొండని గాని మానుడని గాని మేము చెప్పము. అది ఎవరి మనస్సునకు వారే తేల్చుకొనవలసినది. చేయించుకొన్న ఆడుబిడ్డ మీ యింటనున్నచో ఆమెకు పూతలు పూయకుడు. ఆమె పొయ్యిపని మీరందుకొనుడు. తక్కినది చర్మము చూచుకొనును.